బర్మా తోటికోడలు

నా పెళ్ళయిన నాలుగో నెలలో నా మొగుడు నన్ను మొదటిసారి కొట్టాడు. పొలానికి గంజి పట్టుకెళ్ళడం ఆలస్యమైంది. దమ్ము పడుతున్న మడిలోంచి గట్టెక్కి వచ్చి, చేతిలో ఉన్న ములుకర్రతోనే నా వీపు మీద రెండు వేశాడు. ఎద్దుల్ని అదిలించే కర్ర అది. దాని చివర మేకు ఉంటుంది. మేకు నాకు తగలకుండా కర్రను తిప్పి పట్టుకుని కొట్టాడు. సాయంత్రం ఇంటికొచ్చి మా అత్తతో చెప్పుకుని ఏడ్చాను. ఆవిడ నా వీపుకి పసుపూ నూనే రాస్తూ అడిగింది:

“కర్ర తిప్పి కొట్టినాడా?”

“తిప్పే కొట్టినాడు.”

“అయితే నీ మీద మనసున్నాదే. మీ మావ తిప్పీవోడు కాడు.”

మా అత్త ఎడమ చెవి తమ్మె రెండుగా చీలి వేలాడేది. మా మామ బతికున్న రోజుల్లో ఒకసారి చెవి కమ్మ పట్టుకుని లాగేశాడట. ఎందుకు లాగాడని అడిగితే ఆవిడ కాసేపు ఆలోచించి, “గురుతు నేదు. వర్సం రోజులు” అంది. చెవి తెగిన సంగతి కంటే ఆ ఏడాది వాన ఎక్కువ పడిన సంగతే ఆవిడకి బాగా గుర్తుంది.

అప్పటికి నాకు పదిహేడేళ్ళు. మాది అరసవల్లి అవతల పల్లె. ఎనిమిదో తరగతి దాకా చదివాను. ఆమదాలవలస పక్క ఊళ్ళో వరి పండించుకునే ఇంటికి కోడలిగా వచ్చాను. మా నాన్న మా అమ్మని కొట్టేవాడు. మా పక్కింటాయన తన పెళ్ళాన్ని కొట్టేవాడు. కొట్టే ఇల్లు చెడ్డదని నాకెవరూ చెప్పలేదు. ఎక్కువ కొట్టే ఇల్లు, తక్కువ కొట్టే ఇల్లు అని రెండు రకాలుంటాయనీ, నాకు తక్కువ కొట్టే ఇల్లు దొరికిందనీ అనుకున్నాను.

అరవైల చివర్లో మా బావగారు రంగం నుంచి తిరిగొచ్చాడు. రంగం అంటే రంగూను. మా వైపు వాళ్ళంతా అలాగే అనేవారు. ఆయన నా మొగుడికి అన్న. పదిహేనేళ్ళ వయసులో ఊరివాళ్ళతో కలిసి ఓడెక్కి వెళ్ళిపోయి, అక్కడ బియ్యం మిల్లులో పనిచేసి, అక్కడి పిల్లనే పెళ్ళి చేసుకున్నాడు. ఆ దేశంలో పరాయివాళ్ళని పొమ్మన్నారు. మిల్లు పోయింది. పెళ్ళాన్నీ ఏడేళ్ళ కూతుర్నీ వెంటబెట్టుకుని ఓడలో విశాఖపట్నం వచ్చి, బర్మా నుంచి వచ్చినవాళ్ళ కోసం వేసిన శిబిరంలో కొన్నాళ్ళుండి, ఆ తర్వాత రైల్లో ఆమదాలవలస చేరాడు.

ఎడ్లబండి దిగిన నా తోటికోడల్ని చూడటానికి సగం ఊరు మా వాకిట్లోకి వచ్చింది. చీర లేదు. పువ్వుల లుంగీ, పొట్టి రవిక. కొప్పులో గుచ్చిన చెక్క దువ్వెన. రెండు బుగ్గలకీ గంధంలా ఏదో పూసుకుంది. ఏదో చెట్టు బెరడును రాతి మీద అరగదీసి పూసుకుంటారట, దాని పేరు తనకా. మా అత్తకి ఆ మాట వేరేగా వినబడింది. “మొకం తనకా ఎట్టీసినాదేటి?” అని అడిగితే వాకిట్లో ఉన్నవాళ్ళంతా పగలబడి నవ్వారు. నా తోటికోడలు కూడా నవ్వింది. తన మీదే నవ్వుతున్నారని తెలిసీ నవ్వింది.

తెలుగు వచ్చు ఆవిడకి. మిల్లులో మనవాళ్ళ దగ్గరా మొగుడి దగ్గరా నేర్చుకున్న తెలుగు కాబట్టి మా మాటే, ముక్కలు ముక్కలుగా. నేను ఆవిణ్ణి, మా వైపు అక్కని పిలిచినట్టే, అప్పా అని పిలిచాను. ఊళ్ళోవాళ్ళు మాత్రం ఆవిణ్ణి ‘బర్మాది’ అన్నారు.

వచ్చిన రోజు మధ్యాహ్నం ఆవిడ అరుగు మీద కూర్చుని లావుపాటి చుట్ట ముట్టించింది. మా అత్తా చుట్ట కాల్చేది. మా వైపు ఆడవాళ్ళు చాలామంది కాలుస్తారు. కాని అడ్డపొగ. వెలిగించిన కొస నోట్లో పెట్టుకుంటారు, నిప్పు బయటికి కనబడదు. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. మా అత్త ఆవిడ చుట్ట కొసన మండే నిప్పు వైపు చూసి, “మగోడినాగ నిప్పు బయటెట్టి కాలస్తాదేటే ఇది!” అంది. ఆవిడ లేచి మా అత్త దగ్గరికొచ్చి, రెండు వేళ్ళతో గడ్డం పట్టుకుని నోరు తెరిపించి లోపలికి చూసింది. మా అత్త అంగిలి కాలి కాలి తెల్లబారి ఉండేది. “అత్తా, నొప్పి నేదా?” అని అడిగింది. నేనా ఇంట్లో అడుగుపెట్టి ఏడాది దాటినా ఆ మాట అడగలేదు. అసలు అడగాలని తోచలేదు.

వారం తిరక్కుండానే గొడవలు మొదలయ్యాయి. ఆవిడ మొగుణ్ణి పేరు పెట్టి పిలిచేది. వీధిలో నలుగురున్నా, కళ్ళంలో మగవాళ్ళున్నా అంతే. ఆయనతో ఒకే చాప మీద కూర్చుని ఒకేసారి అన్నం తినేది. ఆమదాలవలస బజారుకి తనొక్కతే నడిచి వెళ్ళి, ఏ కొట్లో ఏముందో చూసుకుని వచ్చేది. రంగంలో వాళ్ళమ్మదీ తనదీ బజార్లో కొట్టు ఉండేదట. బజారంతా ఆడవాళ్ళదేనట. ఇక్కడా ఏదో ఒకటి వండి అమ్ముతానంది. బావగారు మొదట్లో సరే అన్నాడు. తర్వాత కళ్ళంలో మగవాళ్ళు ఆయన్ని పట్టుకున్నారు.

“ఏటిరా, రంగంలో పెళ్ళాం సంపాయించి ఎడితే తిన్నావంట గదా?”

“నిన్ను పేరెట్టి పిలస్తాదంట. ఒరే అని కూడా అంతాదేటి?”

ఆయన నవ్వేసి ఊరుకునేవాడు. కాని రోజురోజుకీ ఆ నవ్వు చిక్కిపోవడం నేను చూశాను. ఆవిడతో కలిసి తినడం మానేశాడు. ఆవిడ పిలిస్తే పలకడం మానేశాడు.

ఇంతకీ మొదటి దెబ్బ వీటి వల్ల పడలేదు. దండెం వల్ల పడింది.

వచ్చిన కొత్తలోనే ఆవిడ పెరట్లో రెండు పుల్లలు పాతి, మోకాలెత్తున తాడు కట్టి, తన లుంగీలూ నా చీరలూ దాని మీదే ఆరేసేది. ఎందుకంత కిందికి అని అడిగితే చెప్పింది. మగవాడి కుడి భుజంలో ఒక తేజస్సు ఉంటుందట. ఆడదాని లుంగీ అతని తల మీదుగా వేలాడినా, అతను దాని కింద నడిచినా అది పోతుందట. పోయినవాడు ఇక ఎందుకూ పనికిరాడట. నాకు నవ్వొచ్చింది. మాకలాంటిది లేదు. మా చీరలు నడివాకిట్లో నిలువెత్తు దండెం మీద ఆరేవి, మగవాళ్ళు వాటిని చేత్తో తోసుకుని వెళ్ళిపోయేవారు. నేను మాత్రం నా మొగుడి పేరు ఉచ్చరించకూడదు. ఆ పేరున్న నెలని కూడా వేరే మాటతో చెప్పేదాన్ని. మొగుడి పేరు వీధిలో కేకేసే మనిషికి తడిగుడ్డ అంటే భయమా అనుకున్నాను.

ఒకరోజు మా అత్త ఎండ బాగుందని ఆవిడ లుంగీలు తీసుకొచ్చి వాకిట్లో పెద్ద దండెం మీద వేసింది. అప్పుడే కళ్ళం నుంచి బావగారు, వెనక నలుగురైదుగురు మగవాళ్ళు వడ్ల బస్తాలు మోసుకుని వస్తున్నారు. ఆయన తల మీద బస్తాతో సరిగ్గా దండెం కిందికి వస్తున్నాడు. వంటింట్లోంచి చూసిన అప్ప కేక వేసి పరుగెత్తుకొచ్చింది. మొగుణ్ణి రెండు చేతులతో వెనక్కి తోసింది. బస్తా జారి కింద పడి పిగిలింది. ఆయన వెల్లకిలా పడ్డాడు. ఆవిడ దండెం మీది లుంగీలు లాగి పోగుచేసుకుంటూ, మా అత్త వైపు తిరిగి వాళ్ళ భాషలో అరుస్తోంది.

మగవాళ్ళలో ఒకడు, “పెళ్ళాం పడగొట్టీసినాదిరోయ్!” అన్నాడు.

బావగారు లేచాడు. ఒంటికి అంటుకున్న వడ్లు కూడా దులుపుకోలేదు. ఆవిడ చెంప మీద కొట్టాడు. అలవాటు లేని చెయ్యి కాబట్టి దెబ్బ చెవి మీద పడింది. ఆవిడ పక్కకి తూలి మళ్ళీ నిలబడింది. మళ్ళీ కొట్టాడు. ఈసారి సరిగ్గా తగిలింది. ముక్కులోంచి రక్తం కారి బుగ్గ మీది పూతని తడిపింది.

ఆవిడ తన లెక్కలో మొగుడి మగతనాన్ని కాపాడటానికి పరుగెత్తుకొచ్చింది. ఆయన మన లెక్కలో తన మగతనాన్ని కాపాడుకోవడానికి కొట్టాడు. ఆ సంగతి నాకు అప్పుడు తోచలేదు. చాలా ఏళ్ళ తర్వాత తోచింది. అప్పుడు మాత్రం, తక్కువే కొట్టాడు, పరవాలేదు అనుకున్నాను.

మర్నాడు ఉదయం ఆవిడ తలంటుకుని, కూతురి చెయ్యి పట్టుకుని, “ఊరి పెద్ద ఇల్లు ఏది?” అని నన్నడిగింది. చూపించడానికి వెళ్ళాను. నాకప్పుడు ఐదో నెల. ఊరి పెద్ద అరుగు మీద పళ్ళు తోముకుంటున్నాడు. పక్కన మరో ఇద్దరున్నారు. ఆవిడ అరుగు కింద నిలబడలేదు, మెట్టెక్కి ఎదురుగా కూర్చుంది.

“నా మొగుడు నన్ను కొట్టినాడు. రెండు దెబ్బలు. నేను పెద్దలకి చెప్తన్నాను. మళ్ళీ కొడితే నేను ఎల్లిపోతాను. ఇంట్లో సామాను సగం నాది, సగం ఆయనది. మీరు సాక్షి.”

పెద్దాయన వేపపుల్ల నోట్లోంచి తీశాడు. మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక ఎంత నవ్వాడంటే దగ్గొచ్చి ఉమ్మేయాల్సి వచ్చింది.

“కట్టుకున్నోడు కొట్టకపోతే పొరుగోడొచ్చి కొడతాడేటమ్మా?” అన్నాడు. తర్వాత నా వైపు తిరిగాడు, నవ్వు లేదు. “నువ్వు మనూరి కోడలివి. నువ్వెందుకొచ్చినావు దీనెనకాల?”

మేం ఇంటికి చేరే లోపల ఆ మాట కళ్ళానికి చేరింది.

బావగారు వీధి మొగలోనే ఎదురొచ్చి ఆవిడ కొప్పు పట్టుకున్నాడు. కొట్టించుకున్న సంగతి ఊళ్ళో చాటడం మొగుణ్ణి కొట్టడం కంటే పెద్ద తప్పు మా ఊళ్ళో. జుట్టు పట్టుకుని వీధి పొడుగునా ఈడ్చుకొచ్చాడు. దువ్వెన విరిగి ఒక ముక్క ఆవిడ తలలో గుచ్చుకుంది. పిల్ల వెనకాలే ఏడుస్తూ వాళ్ళ భాషలో నాన్నని పిలుస్తోంది. ఇళ్ళ గోడల మీద నుంచి ఆడవాళ్ళు చూస్తున్నారు. ఎవరూ దిగి రాలేదు. నేనూ చెయ్యి వేయలేదు. వాకిట్లోకి వచ్చాక కాలితో డొక్కలో తన్నాడు. ఆవిడ వంగి, ఆయన ముంజేతిని నోట్లోకి తీసుకుని కొరికింది. వదల్లేదు. ఆయన అరుస్తూ తల మీద గుద్దుతున్నాడు, ఎంత గుద్దినా వదల్లేదు. మా అత్త చీపురు తిరగేసి ఆవిడ వీపు మీద బాదింది. చివరికి ఆవిడే వదిలేసి, నోట్లో రక్తం నేల మీద ఉమ్మి, పిల్లనెత్తుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఆయన చేతి మీద పళ్ళగంట్లు ఎముక దాకా దిగాయి.

నా వంతు సాయంత్రం, పొద్దు వాలకముందే వచ్చింది. పశువులసాలలో దూడని కడుతున్నాను. నా మొగుడు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

“నువ్వూ ఎల్లినావంట గదే, పెద్దోళ్ళింటికి?”

“తోవ సూపడానికి ఎల్లినాను.”

“రేపు నాకూ తోవ సూపతావేటి?”

ములుకర్ర చూరులోంచి తీశాడు. ఈసారి తిప్పి పట్టుకోలేదు. మొదటి దెబ్బకే మేకు నా కుడి జబ్బలోకి దిగింది. లాగినప్పుడు కండ కూడా వచ్చింది. ఆ గుంట నా జబ్బ మీద ఇప్పటికీ ఉంది. నేను పొట్ట మీదికి వంగిపోయి రెండు చేతులూ అడ్డం పెట్టుకున్నాను. వీపు మీద, మెడ మీద, పిరుదుల మీద పడుతున్నాయి. నేను ఎలా అరిచానో నాకు తెలియదు. గొడ్లు గుంజల్ని పీక్కుంటూ బెదిరాయని గుర్తు.

దెబ్బలు ఒక్కసారిగా ఆగాయి. తలెత్తి చూశాను. అప్ప అతని వెనక ఉంది. కింది దండెం మీద నుంచి తెచ్చిన తడి లుంగీని వెనక నుంచి అతని తల మీద వేసి, మొహం చుట్టూ బిగించి, బట్టలు పిండేటట్టు మెలిపెట్టి వెనక్కి లాగింది. అతను పేడలో వెల్లకిలా పడ్డాడు. ఆవిడ లుంగీ కొసతో అతని నెత్తి మీద, కుడి భుజం మీద కొడుతోంది. కొడుతూ ఏడుస్తోంది. దెబ్బలు తిన్నప్పుడు ఏడవని మనిషి కొడుతూ ఏడ్చింది.

కేకలు విని బావగారు పరుగెత్తుకొచ్చాడు. గుమ్మం దగ్గరికొచ్చి, తమ్ముడి తలకి చుట్టుకున్న లుంగీని చూశాడు. ఆయన మొహం పాలిపోయింది. లోపలికి రాలేదు. తన తలని రెండు చేతులతో కప్పుకుని వెనక్కి వెనక్కి నడిచి, గడప తగిలి పడి, పాకుతూ వాకిట్లోకి పోయాడు. ఇరవై ఏళ్ళు ఆ దేశంలో ఉన్నాడు. ఆవిడ ఏం చేసిందో మా ఊరు మొత్తమ్మీద అర్థమైంది ఆయనొక్కడికే.

నా మొగుడికి అది ఉత్త గుడ్డ. లాగి అవతల పారేసి లేచాడు. “గుడ్డతో కొడతావేటే?” అని నవ్వాడు కూడా. ములుకర్ర ఎత్తి ఆవిడ చేతి మీద కొట్టాడు. ఎండు కందికట్టె విరిగిన చప్పుడైంది. ఆవిడ మణికట్టు పక్కకి వేలాడింది. అతను మళ్ళీ ఎత్తాడు.

గోడకి దాణా దంచే రోకలి ఆనించి ఉంది. నేను దాన్ని తీసుకున్నాను. రెండు చేతులతో, వడ్లు దంచేటప్పుడు వేసే ఊపుతోనే, అతని మోకాలి మీద వేశాను. అతను అరిచాడు. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. నాకు తృప్తిగా అనిపించింది. ఇది రాయడానికి సిగ్గుపడటం లేదు. ఇంకోసారి వినాలనిపించింది. రోకలి ఎత్తాను. ఈసారి మోకాలు చూసుకోలేదు, తల చూసుకున్నాను. వెనక నుంచి రోకలి ఎవరో పట్టుకున్నారు. మా అత్త.

“సాల్లే,” అంది. “సచ్చిపోతే ముండమోసీది నువ్వే.”

ఆ రాత్రి పొయ్యి వెలగలేదు. కట్టు కట్టేవాడు వచ్చి అప్ప చేతికి వెదురు బద్దలు పెట్టి కట్టాడు, నా మొగుడి మోకాలికి ఆకుపసరు పోసి కట్టాడు. ఎద్దు తన్నిందని వాడికి చెప్పాం. నా మొగుడు చచ్చేదాకా అందరికీ అదే చెప్పాడు. కొంచెం కుంటేవాడు.

చాప మీద అప్ప పక్కనే పడుకున్నాను. కడుపులో బిడ్డ కదిలిందో లేదో చెయ్యి వేసి చూసుకుంటున్నాను. కదిలింది. ఆవిడ మాత్రం వేరే దిగులులో ఉంది.

“పాపం చేసినాను,” అంది.

“ఏటి పాపం? నన్ను కాపాడినావు.”

“మగాడి తల మీద లుంగీ ఏసినాను. మా అమ్మ ఇంటే నన్ను ఇంట్లోకి రానీదు. కత్తితో పొడిచినా ఇంత పాపం కాదు.”

విరిగిన చేతి గురించి ఆవిడ ఒక్క మాటా అనలేదు. మొగుడి మీద చెయ్యెత్తినందుకు ఊరు ఆవిణ్ణి తిడుతోంది, అది ఆవిడకి తప్పుగా తోచనే లేదు. గుడ్డ వేసినందుకు ఆవిడ తనని తాను తిట్టుకుంటోంది, అది ఊళ్ళో ఎవరికీ పట్టనే లేదు. మర్నాడు బావగారు తమ్ముడి దగ్గర కూర్చుని, అరసవల్లి వెళ్ళి సూర్యభగవానుడి గుడిలో శాంతి చేయించుకోమని బతిమాలాడు. తమ్ముడు “అన్నకి పిచ్చెక్కినాది” అన్నాడు. ఆ రోజు నుంచి బావగారు ఆవిడ దగ్గరికి రాలేదు, ఆవిడ మీద చెయ్యీ వేయలేదు. భయపడ్డాడు. ఆవిడ దాన్ని భయం అనుకోలేదు. సిగ్గు అనుకుంది.

చేతి వాపు తగ్గాక ఆవిడ వెళ్ళిపోయింది. వెళ్ళేముందు ఒంటి చేత్తో, వాళ్ళు రంగం నుంచి తెచ్చిన సామానంతా వాకిట్లో రెండు కుప్పలుగా పెట్టింది. ఇదొకటి, అదొకటి. చాప ఒక్కటే ఉంది కాబట్టి ఆయన కుప్పలో పెట్టింది, దుప్పటి తన కుప్పలో పెట్టుకుంది. మొగుడితో, “సూడు, సరిగ్గా ఉన్నాదా?” అని అడిగింది. ఆయన తలూపాడు. వాకిట్లో ఎవరూ అడ్డం పడలేదు. ఇలాంటిది ఎవరూ చూసి ఉండలేదు, ఎలా అడ్డుకోవాలో తెలియలేదు. చీపురుతో కొట్టిన మా అత్త లోపలికి వెళ్ళి, చుట్టల కట్ట తెచ్చి ఆవిడ మూటలో దోపింది.

బండి తోలింది బావగారే. పెళ్ళాన్నీ కూతుర్నీ ఆమదాలవలసలో విశాఖ రైలెక్కించి, మధ్యాహ్నానికి ఖాళీ బండితో తిరిగొచ్చాడు. మూడు నెలలు ఎవరితోనూ మాట్లాడకుండా పొలం పని చేశాడు. ఒకరోజు తనూ వెళ్ళిపోయాడు. మందు పెట్టిందన్నారు ఊళ్ళో.

నాకు ఆడపిల్ల పుట్టింది. బిడ్డకి నాలుగో నెలలో నా మొగుడు మళ్ళీ నన్ను కొట్టాడు. ఏడుపు మాన్పించలేదని. చెంప మీద, చేత్తోనే. అంతకుముందు తిన్న దెబ్బలతో పోలిస్తే అది దెబ్బే కాదు. అయినా నేను బిడ్డని భుజాన వేసుకుని ఆమదాలవలస స్టేషనుకి నడిచాను. దారిలో ఏడుపు రాలేదు.

విశాఖలో బర్మా వాళ్ళ పాకల మధ్య వెతికి వాళ్ళని పట్టుకున్నాను. అప్ప రోడ్డు వారన బండి పెట్టి, చేపల పులుసులో సేమ్యాలాంటి వరి పోగులు వేసి అమ్ముతోంది. మణికట్టు వంకరగా అతుక్కుంది. బావగారు చేపలు కడుగుతున్నాడు. ఆవిడ పేరు పెట్టి పిలిస్తే పలుకుతున్నాడు. అక్కడ కళ్ళం లేదు, కళ్ళంలో మగవాళ్ళు లేరు. నా చెంప చూసి ఆవిడ ఒక గిన్నె నా ముందు పెట్టింది.

అక్కడ నెలన్నర ఉన్నాను. గిన్నెలు తోమాను, ఉల్లిపాయలు వేయించాను. ఒకరోజు అడిగాను:

“అప్పా, మీ దేశంలో మగోళ్ళు కొట్టరా?”

ఆవిడ నా వైపు వింతగా చూసింది.

“ఎందుకు కొట్టరు? మా నాన్న తాగి మా అమ్మ పళ్ళు రాలగొట్టినాడు. మా అమ్మ పెద్దలకి చెప్పి, కొట్టు తీసుకుని, మమ్మల్ని తీసుకుని ఎల్లిపోనాది. కొట్టు అమ్మది గదా. మీ అమ్మకి కొట్టు ఉన్నాదా?”

మా అమ్మకి ఏముందో ఆలోచించాను. కడియాలున్నాయి. అవీ నాన్న పెట్టెలోనే.

అప్పుడే ఇంకో మాట కూడా చెప్పింది. వాళ్ళ గుళ్ళలో కొన్నిచోట్ల పైదాకా మగవాళ్ళే వెళ్ళి దేవుడికి బంగారు రేకు అతికిస్తారట, ఆడవాళ్ళు కిందే కూర్చుని దణ్ణం పెట్టుకోవాలట. తన కూతురు వచ్చే జన్మలో మగపిల్లాడై పుట్టాలని రోజూ దీపం పెడుతుందట. “అది అన్యాయం కాదేటి?” అన్నాను. ఆవిడకి నా ప్రశ్న అర్థం కాలేదు. రెండోసారి అడిగితే, “అదేటి అన్యాయం? అది అంతే” అంది. మా అత్త తన చెవి గురించి చెప్పిన గొంతుతోనే అంది.

నెల దాటాక నా మొగుడు వచ్చాడు. కుంటుకుంటూ రోడ్డు దాటి, బండి ముందు నిలబడ్డాడు. తను విరగ్గొట్టిన చేత్తోనే అప్ప గిన్నె అందించింది. అతను నిలబడే తిన్నాడు. తిని నాతో, “ఎల్దాం రా” అన్నాడు.

“కొడతావా?” అని అడిగాను. మొగుణ్ణి అలా అడిగిన ఆడదాన్ని నేనప్పటిదాకా చూడలేదు. పక్కన తింటున్నవాళ్ళు తలలెత్తారు. అతని మొహం నల్లబడింది. గిన్నె కింద పెట్టి స్టేషనుకి వెళ్ళిపోయాడు. నేను వెళ్ళలేదు.

పది రోజుల తర్వాత నా అంతట నేనే బయల్దేరాను. ఎవరూ తీసుకెళ్ళలేదు, ఎవరూ పొమ్మనలేదు. నాకు మా ఇల్లు కావాలనిపించింది. వరి పొట్టకొచ్చే రోజులు, పొలం కావాలనిపించింది. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉన్నా, కుంటే ఆ మనిషి కూడా కావాలనిపించాడు. అప్ప ఉండమని బతిమాల్లేదు. “చోటు ఉన్నాది. గురుతు ఉంచుకో” అని మాత్రం అంది.

స్టేషను నుంచి బిడ్డతో నడిచి ఇల్లు చేరేసరికి పొద్దు నడినెత్తి మీదికొచ్చింది. నా మొగుడు అరుగు మీద కాలు చాపుకుని ఉన్నాడు. మా అత్త గడపలో కూర్చుని చింతపిక్కలు తీస్తోంది. తలెత్తి చూసింది.

“వచ్చీసినావేటి?”

“వచ్చీసినాను.”

“ఉంతావా, మళ్ళీ ఎల్తావా?”

“కొడితే ఎల్తాను.”

మా అత్త చేతులు ఆగాయి. నా మొగుడు లేచాడు. నేను బిడ్డని గట్టిగా హత్తుకున్నాను గాని కదల్లేదు. అతను నా దాకా వచ్చాడు. నా పక్క నుంచి వెళ్ళి, అరుగు చివరన ఉన్న నిండు నీళ్ళ కుండ రెండు చేతులతో ఎత్తి, వాకిట్లో విసిరికొట్టాడు. పెంకులు గోడల దాకా ఎగిరాయి, నీళ్ళు నా కాళ్ళ మీద పడ్డాయి. ములుకర్ర తీసుకుని కుంటుకుంటూ పొలానికి పోయాడు.

ఆ తర్వాత ఆ ఇంట్లో చాలా కుండలు పగిలాయి. నేను పగల్లేదు.

ఆ మధ్యాహ్నం బిడ్డని మా అత్త ఒడిలో పెట్టి, పెంకులన్నీ ఏరి పారేసి, పొయ్యి రాజేశాను. సాయంత్రం గంజి మాత్రం వేళ తప్పకుండా పొలానికి పంపించాను. పట్టుకెళ్ళింది మా అత్త.